చెప్పకుండా వచ్చేసిన ఇంటికి

శనివారం ఉదయం తొమ్మిదింటికి జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ముందు నిలబడి మా ఆయన ప్రసాద్ మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "ఇంతకీ వాళ్ళు నిన్ను పిలిచినట్టా, పిలవనట్టా?"

నాకు తెలిస్తేగా చెప్పడానికి! సెప్టెంబర్‌లో పోస్టులో ఒక కరపత్రం వచ్చింది. హడ్సన్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, నవంబర్‌లో ఒక శని, ఆదివారాలు, యూదుల సంస్కృతి, చరిత్ర, అస్తిత్వం మీద ఉపన్యాసాలు, ఎవరైనా రావచ్చు అని అచ్చులో ఉంది. దాని కింద పెన్నుతో రెండు ముక్కలు. "అమ్మ నీ పేరు ముందే రాయించింది. రావాలనిపిస్తే రా. డెబ్రా." ఆ "రావాలనిపిస్తే" దగ్గరే నేను రెండు నెలలు కొట్టుకున్నాను. అది ప్రేమగా అన్న మాటా, మూతి ముడుచుకుని అన్న మాటా?

డెబ్రా వాళ్ళమ్మ మిరియం. ఆఫీస్‌లో తొమ్మిదేళ్ళు నా పక్క సీటు. నాది టెస్టింగ్, ఆవిడది డాక్యుమెంటేషన్. నాకంటే పాతికేళ్ళు పెద్దది, అయినా పేరు పెట్టి పిలవకపోతే ఊరుకునేది కాదు. నా వీసా ఎక్స్‌టెన్షన్ ఆగిపోయిన ఏడాది నేను ఆఫీస్ బాత్రూమ్‌లో కూర్చుని ఏడుస్తుంటే, ఎవర్నీ లోపలికి రానివ్వకుండా గంటసేపు తలుపు దగ్గర కాపలా కాసింది. రిటైరయ్యాక కూతురి దగ్గరికి ఆ ఊరు వెళ్ళిపోయింది. నవంబర్ వస్తోందంటే ఫోన్ చేసేది. "పద్మా, ఈసారన్నా మా ఉపన్యాసాలకి రా. నీకేమీ అర్థం కాదు, అందుకే రమ్మంటున్నా." నేను ప్రతిసారీ "నెక్స్ట్ ఇయర్ ష్యూర్" అనేదాన్ని. ఈ ఏప్రిల్‌లో మిరియం పోయింది.

అంత్యక్రియలకి నేను అందుకోలేదు. ఇక్కడ మనవాళ్ళు ఎవరైనా పోతే అయినవాళ్ళు ఇండియా నుంచి దిగాలి, పేపర్లు తేలాలి, చివరికి వీకెండ్ చూసి పెట్టుకుంటారు. ఆ లెక్కన శనివారమేలే అనుకుని ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పనిలో పడ్డాను. వాళ్ళు వీలైతే మర్నాడే మట్టి చేసేస్తారనీ, శనివారం అసలు చెయ్యరనీ అంతా అయిపోయాక తెలిసింది. ఆదివారం ప్రసాదూ నేనూ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి డెబ్రా ఇంట్లో అరగంట కూర్చుని వచ్చేశాం. అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పి ఉంటే ఇంటికి రంగులు వేయిస్తున్నారేమో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చావింట్లో అలా కప్పడం వాళ్ళ ఆచారమట. తర్వాత డెబ్రాకి రెండు మెసేజ్‌లు పెట్టాను. జవాబు లేదు. అంత్యక్రియలకి రాలేదని కోపం వచ్చిందని నా గట్టి నమ్మకం. ఎదురుగా నిలబడి క్షమించమని అడగాలి. అందుకే ఈ ప్రయాణం. ఉపన్యాసాలు వంక మాత్రమే.

జర్నల్ స్క్వేర్‌లో తొమ్మిదీ నలభైకి న్యూయార్క్ వెళ్ళే పాత్ ట్రైన్ ఎక్కాను. శనివారాలు అది హోబోకెన్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, ముప్ఫై మూడో వీధికి చేరేసరికి పదీ పది దాటింది. అక్కడి నుంచి గ్రాండ్ సెంట్రల్‌కి నడక. ఒక చేతిలో బ్యాగ్, ఇంకో చేతిలో పులిహోర. అవును, పులిహోరే. అల్యూమినియం ట్రేలో, పైన రేకు మూత. మిరియంకి ప్రాణం కదా, కూతురికీ నచ్చుతుందని పొద్దున్నే లేచి కలిపాను. పది నలభై అయిదుకి హడ్సన్ లైన్ ట్రైన్. టికెట్ యాప్‌లో తీసుకోవచ్చు, ఇరవై డాలర్ల లోపే. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: పైకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, దారి పొడుగునా నది కిటికీ పక్కనే ఉంటుంది.

నా ఎదురు సీట్లో ఒక అమ్మాయి లాప్‌టాప్ తెరిచి రెజ్యుమే దిద్దుకుంటోంది. పులిహోర వాసనకి తలెత్తింది. "అక్కా, మీరు మనోళ్ళేనా?" పేరు శిరీష, కరీంనగర్, మాస్టర్స్ చివరి సెమిస్టర్. ఎక్కడికని అడిగితే చెప్పాను. లాప్‌టాప్ మూసేసింది. "జ్యూయిష్ ప్రోగ్రామా? ఆడ మీకేం పని అక్కా?"

"ఒకావిడకి సారీ చెప్పాలి."

"గంత దూరం పోయి సారీ చెప్తరా? ఫోన్ కొడితే అయిపోదా?"

ఫోన్‌కే జవాబు లేదమ్మా అనలేక, రేకు కాస్త ఎత్తి ఆ అమ్మాయికి పేపర్ ప్లేట్‌లో పులిహోర పెట్టాను. బీకన్‌లో దిగుతూ "ఆమె మాఫ్ చేస్తది తియ్యండి అక్కా, ఇది తిన్నంక ఎవరైనా చేస్తరు" అంది. ఆ మాటకే ప్రాణం కాస్త కుదుటపడింది.

పన్నెండున్నరకి నా స్టేషన్ వస్తే దిగాను. ఊరి పేరు మాత్రం రాయను. రాయొద్దని డెబ్రా అంది. హాల్లో ఉన్నవి ఎనభై కుర్చీలే. మరీ రావాలనుకున్నవాళ్ళు నన్నడగండి, చెప్తాను. స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కుతూ పన్నెండు నిమిషాలు నడిస్తే ఎర్ర ఇటుకల సినగాగ్, వాళ్ళ ప్రార్థన మందిరం. తలుపులు మూసి ఉన్నాయి. బయట యూనిఫామ్‌లో సెక్యూరిటీ అతను ఒక్కడే ఉన్నాడు. "ప్రోగ్రామ్ శనివారమే కదా?" అన్నాను. "శనివారం అయిపోయాక" అన్నాడు. అంటే ఆదివారం కాదా? కాదట. కరపత్రం తీసి వేలు పెట్టి చూపించాడు. "ప్రారంభం: మూడు నక్షత్రాలు కనిపించాక." నేనది ఏదో అందం కోసం రాశారనుకున్నాను. అదే టైమట! చుక్కలు పొడిస్తే వాళ్ళకి శనివారం అయిపోయినట్టే.

డెబ్రాకి కాల్ చేశాను. ఎత్తలేదు. మోటెల్‌కి వెళ్ళి మూడింటి దాకా లాబీలో కూర్చుని, గది ఇచ్చాక మళ్ళీ చేశాను. ఎత్తలేదు. శనివారం వాళ్ళ విశ్రాంతి రోజు కదా, ఫోన్ ముట్టుకోరేమో అని ఒక అనుమానం వచ్చింది కానీ, మిరియం శనివారాలే నాకు ఎక్కువ ఫోన్ చేసేది. తల్లికి లేని పట్టింపు కూతురికి ఉంటుందా? ఇది కోపమే. నాలుగింటికి మూడోసారి చేసి, ఇక చాలు నీ పరువు అని నన్ను నేనే తిట్టుకుని ఫోన్ పడేశాను. గది శుభ్రంగానే ఉంది. హీటర్ మాత్రం దగ్గు పట్టిన మనిషిలా ఒకటే మోత.

అయిదుంపావుకి సినగాగ్ పార్కింగ్ లాట్‌లో ఒక ముప్ఫై మంది తలలు పైకెత్తి నిలబడ్డారు. ఒకటి దొరికింది, రెండోది దొరికింది. మూడోది నేనే కనిపెట్టి గట్టిగా "అదిగో" అన్నాను. అది కదిలింది. "అది నెవార్క్‌లో దిగే ఫ్లైట్" అన్నాడొకాయన, అందరూ నవ్వారు. సంకటహర చవితికి చంద్రుడి కోసం బాల్కనీలో మెడ నొప్పెట్టేలా చూసే నాకు ఈ పని కొత్తేం కాదు. అసలు మూడో చుక్క చిమ్నీ పక్కన తేలింది, తలుపులు తెరిచారు.

తలుపు దగ్గర సెక్యూరిటీ అతను నా బ్యాగ్ వెతికి పులిహోర ట్రే పట్టుకున్నాడు. "బయటి తిండి లోపలికి వద్దు మేడమ్" అని బోర్డు చూపించాడు. వాళ్ళ వంటకి నియమాలుంటాయి, ఏ గిన్నెలో ఏది వండారో తెలియనిది లోపలికి రాదు. మిగతా వాళ్ళు దీనికి నొచ్చుకుంటారేమో తెలియదు. మా అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేస్తుంటే గడప అవతల నిలబడి పెరిగిన దాన్ని, నాకు వివరణే అక్కర్లేదు. ఆ రెండు రోజుల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే. ట్రే అతని బల్ల మీదే పెట్టి లోపలికి వెళ్ళాను.

కింది హాల్లో మొదట ఒక చిన్న ఆచారం. జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, ఒక చిన్న వెండి డబ్బా చేతులు మార్చుకుంటూ వాసన చూశారు. నా దాకా వచ్చింది. లవంగాలు, దాల్చిన చెక్క. అచ్చం మా పోపుల పెట్టె. విశ్రాంతి రోజు వెళ్ళిపోతుంటే మనసు బెంగపడుతుంది, దాన్ని ఊరడించడానికి ఈ వాసన అని పక్కావిడ చెప్పింది. చెప్పి, "మీరు కొచ్చిన్ యూదులా?" అంది. కేరళలో వాళ్ళవాళ్ళు తరతరాలుగా ఉన్నారట. కాదండీ, మాది విజయవాడ అన్నాను. "విజయవాడ యూదులా!" అని సంబరపడిపోయింది. ఆవిణ్ణి దారికి తేవడానికి ఉపన్యాసం మొదలయ్యే దాకా పట్టింది.

ఉపన్యాసం, మూటలు నెత్తిన పెట్టుకుని నది వెంబడి ఊరూరా తిరిగి సూదులూ బట్టలూ అమ్మిన యూదు వర్తకుల గురించి. బాగుంది. కానీ నా కళ్ళన్నీ స్టేజీ పక్కన నిలబడ్డ డెబ్రా మీదే. తల్లి నుదురే. నన్ను చూసింది. తల ఒక్కసారి ఆడించింది, మైక్ సరిచేయడానికి అటు వెళ్ళిపోయింది. అంతే! రమ్మన్నట్టా, ఉన్నావా సరే అన్నట్టా? ఏడుంపావుకి ప్రోగ్రామ్ అయిపోయాక ఆవిడ చుట్టూ జనం మూగారు. నాకు ధైర్యం చాలలేదు, బయటపడ్డాను. బల్ల మీద ట్రేలో పావు వంతు ఖాళీ. "చాలా బాగుంది, కాస్త కారం" అన్నాడు సెక్యూరిటీ అతను, సిగ్గుపడుతూ. మిగతాది మోటెల్‌లో నా భోజనం.

ఆదివారం తొమ్మిదిన్నరకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి పై హాల్లో, అంటే అసలు ప్రార్థన చేసే చోట. తలుపు తీయగానే ఎదురుగా పెద్ద తెర, దాని ముందు వేలాడుతూ ఒక దీపం. ఎప్పుడూ ఆరనివ్వరట. తెర, అఖండ దీపం, నిశ్శబ్దం. బుర్ర ఆలోచించే లోపే నా కాళ్ళు వాటి పని అవి చేసేశాయి. బూట్లు విప్పి, గోడ వారగా జతగా పెట్టి, సాక్సులతో లోపలికి నడిచాను. సన్నీవేల్‌లో ఉండే మా చెల్లెలైనా, డబ్లిన్‌లో ఉండే మా ఆడపడుచైనా అదే చేసి ఉండేవాళ్ళు. దేవుడి గుమ్మంలో మనకి ఇంకేం తోస్తుంది?

తలుపు దగ్గర సామ్ అనే పెద్దాయన, ఎనభై దాటినవాడు, మగవాళ్ళకి నెత్తి మీద పెట్టుకునే చిన్న టోపీలు పంచుతున్నాడు. నా కాళ్ళ వంక చూశాడు. ఆయన మొహం మారిపోయింది. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఎవరు పోయారమ్మా?"

ఈయనకెలా తెలుసు? "మిరియం" అన్నాను.

"ఏ మిరియం?"

"డెబ్రా వాళ్ళమ్మ."

ఆయన నన్ను చెయ్యి పట్టుకుని వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెచ్చాడు. పక్కనే కూర్చున్నాడు. అంతే, ఏడు నెలలుగా ఆఫీస్ మీటింగ్‌ల మధ్య, వంటింట్లో, ఎక్కడా రాని ఏడుపు ఆ బెంచీ మీద తన్నుకొచ్చింది. ముక్కూ మొహం ఏకమయ్యేలా ఏడ్చాను. నా కాళ్ళకున్న సాక్సుల్లో ఒకదానికి బొటనవేలు దగ్గర చిల్లు కూడా ఉంది. చచ్చేంత సిగ్గు, అయినా ఆగలేదు.

కాస్త తేరుకున్నాక ఆయన సందేహం బయటపెట్టాడు. "అయినా సొంత ఇంటి మనిషి పోతే కదా ఇలా కూర్చునేది. పైగా అది మొదటి ఏడు రోజులే, ఆ రోజుల్లో ఇల్లు కదలకూడదు. నువ్వు ఇంత దూరం వచ్చావు. ఏ లెక్కన బూట్లు విప్పావు?"

అప్పుడు తెలిసింది నాకు. చావు జరిగిన ఇంట్లో వాళ్ళు బూట్లు వేసుకోరు. గుళ్ళోకి మాత్రం వేసుకునే వెళ్తారు. మనం గుళ్ళో విప్పితే వాళ్ళు దుఃఖంలో విప్పుతారు. "దేవుడి దగ్గరికి బూట్లతో వెళ్తామా?" అన్నాను. "బూట్లు లేకుండా వెళ్తావా?" అన్నాడాయన. ఇద్దరం ఒకరి కాళ్ళ వంక ఒకరం చూసుకున్నాం.

ఆయన వెళ్ళి డెబ్రాని పిలుచుకొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను, సాక్సులతోనే. తయారు చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. "అంత్యక్రియలకి రాలేకపోయాను, క్షమించు డెబ్రా" అన్నాను.

"అంత్యక్రియలా? ఆఫీస్ వాళ్ళెవరూ రాలేదు. టైమెక్కడుంది? దానికెందుకు క్షమాపణ?" అంది. నిన్న మూడు కాల్స్ చూసి, ఏం ముంచుకొచ్చిందో అని భయపడ్డానని కూడా అంది. శనివారం సూర్యాస్తమయం దాకా ఫోన్ ముట్టుకోదట. "నేను అమ్మలా కాదు, నియమాలు పాటిస్తాను. అమ్మకి అది చాదస్తం."

"మరి నా మెసేజ్‌లకి జవాబెందుకు ఇవ్వలేదు?"

డెబ్రా నా కళ్ళలోకి చూసింది. "నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయావు. ఆ రోజు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మీ కుర్చీలు ఖాళీ. ఒక్క మాటైనా చెప్పలేదు. మాకు వెళ్ళేటప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది. ముక్కూ మొహం తెలియని వీధిలో వాళ్ళు కూడా చెప్పి వెళ్ళారు. అమ్మ రోజూ తలుచుకునే మనిషివి, దొంగలా జారుకున్నావు."

ఆ రోజు ప్రసాద్ నా మోచెయ్యి తట్టాడు, ఇద్దరం చప్పుడు కాకుండా లేచి వచ్చేశాం. ఎందుకంటే చావింట్లో "వెళ్ళొస్తాం" అనకూడదు. అలా అంటే మళ్ళీ ఇలాంటి పనికే వస్తామని అర్థం. చెప్పకుండా లేచిపోవడమే మర్యాద, మాకు చిన్నప్పటి నుంచీ నేర్పింది అదే. మిరియం ఇంటికి ఇంకో కీడు రాకూడదని నోరు నొక్కుకుని వచ్చాను. అదంతా వచ్చీరాని మాటల్లో చెప్పాను. డెబ్రా వింటూ వింటూ పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది. "ఏడు నెలలు" అంది. "ఏడు నెలలు నీ మీద కోపంగా ఉన్నాను."

"మరి కరపత్రం ఎందుకు పంపావు?"

"అమ్మ రాయించిన పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. పంపాలనీ లేదు, మానాలనీ లేదు. నాకే తెలియదు." పోనీ, రెండు నెలలు ఆ ముక్క పట్టుకుని నేను తికమకపడింది ఊరికే కాదన్నమాట. రాసినావిడకీ అదే అవస్థ. మైక్ దగ్గర ఎవరో పిలిస్తే డెబ్రా లేచింది. "మూడో వరస, చివరి కుర్చీ నీది. మధ్యలో కాఫీకి లేస్తావని అమ్మే చెప్పి రాయించింది. బూట్లు వేసుకో, నేల చల్లగా ఉంది" అని వెళ్ళిపోయింది.

బూట్లు వేసుకుని, నా కుర్చీలో కూర్చుని, ఆ రోజు ముఖ్య చర్చ విన్నాను. అంశం, యూదు అంటే ఎవరు. స్టేజీ మీద ముగ్గురు. తల్లి యూదైతే బిడ్డ యూదు అంది రబ్బీ, అంటే వాళ్ళ గురువు, అన్నట్టు ఆడమనిషే. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఏడాదికోసారి ఉపవాసం మానను, నన్నెవరు కాదంటారు అన్నాడొక ప్రొఫెసర్. టెక్సస్‌లో పుట్టి, పెద్దయ్యాక ఈ మతంలోకి వచ్చిన నర్స్ లేచి, మీరిద్దరూ పుట్టారు, నేను చదివి వచ్చాను అంది. చప్పట్లు. సభలోంచి ఒకాయన ముగ్గురిదీ తప్పన్నాడు. ఆయనకీ చప్పట్లే. ఇక్కడ ఎవరు గెలుస్తున్నారో నాకు తలా తోకా తెలియలేదు. మా అమ్మాయి అన్వి స్కూల్ ఫారమ్ నింపుతూ "మామ్, మనం ఇండియనా, హిందూనా, తెలుగూనా, ఏది టిక్ చెయ్యాలి?" అంటే నేను "ఏదో ఒకటి కొట్టు" అని కసిరిన సంగతి గుర్తొచ్చింది. వీళ్ళు ఆ ఒక్క గడి మీద పూటంతా పోట్లాడుకుని, ఏదీ తేల్చకుండా, చక్కగా కలిసి కాఫీకి లేచారు. నేనూ లేచాను.

కాఫీ దగ్గర సామ్‌ని పట్టుకున్నాను. "వెళ్ళేటప్పుడు చెప్పాల్సిన మాట ఏమిటి?" ఆయన హీబ్రూలో చెప్పాడు, నేను కరపత్రం వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. నాలుగుసార్లు దిద్దించాడు, గొంతులోంచి పలికే ఆ "ఖ" నాకు చివరికీ లొంగలేదు. అర్థం అడిగాను. శోకంలో ఉన్న మిగతా వాళ్ళందరితో పాటు నిన్ను కూడా ఆ చోటు ఓదార్చాలి, అన్నాడు.

"చోటు ఓదార్చడమేమిటి?"

"చోటు అంటే దేవుడు. అదొక పేరు."

"దేవుణ్ణి చోటు అని ఎందుకంటారు?"

ఆయన కప్పు కింద పెట్టి ఆలోచించాడు. "దాని మీద పన్నెండు అభిప్రాయాలున్నాయి. తర్వాతి ట్రైన్‌కి వెళ్తావా?" అన్నాడు. నాది నాలుగూ ఇరవై ట్రైన్, వద్దులెండి అన్నాను. ఇప్పుడు చెబితే ఆలస్యమా అని మాత్రం అడిగాను. తల్లి కోసమైతే ఏడాది శోకం పాటిస్తారు, ఇంకా గడువుంది, చెప్పు అన్నాడు.

రెండున్నరకి చివరి ఉపన్యాసం వదిలేసి డెబ్రా నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. రెండు వీధుల అవతలే. అద్దాల మీద దుప్పట్లు లేవు. వంటింటి గట్టు మీద ఒక స్టీలు డబ్బా పెట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: పద్మజ. మా పెళ్ళికి కొన్న సామాన్లలోది. మిరియం రిటైరయిన రోజు పులిహోర పెట్టి ఇచ్చిన డబ్బా. ఆ చుక్కల మీద వేలితో రాస్తూ నా పేరు నేర్చుకుంటున్నానని ఫోన్‌లో చెప్పేది ఆవిడ.

"ఆ రోజు దీని కోసమే వంటింట్లోకి వెళ్ళాను" అంది డెబ్రా. "అమ్మ గట్టిగా చెప్పింది. పద్మ డబ్బా ఇచ్చెయ్, కానీ ఖాళీగా ఇవ్వకు, వాళ్ళు ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వరు, నాకు పద్మే చెప్పింది అని. నింపి తెచ్చేసరికి నువ్వు లేవు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మైల రోజుల్లో చావింటి నుంచి తినేవి పట్టుకెళ్ళకూడదు మాకు. ఆ రోజు అయిదు నిమిషాలు ఆగి ఉంటే నేనా డబ్బా వద్దనేదాన్ని, అది ఇంకా పెద్ద తప్పయ్యేది. అదీ చెప్పాను. డెబ్రా తల పట్టుకుంది. "అమ్మ మనిద్దర్నీ చూసి పడీ పడీ నవ్వేది." ఆ మాటకి ఇద్దరం నిజంగానే నవ్వాం, తర్వాత ఇద్దరం ఏడ్చాం.

డబ్బా నిండా ఆ పొద్దున్నే ఓవెన్‌లో చేసిన చిన్న చిన్న తీపి పిండి చుట్టలు, లోపల అక్రోట్లు, దాల్చిన చెక్క పొడి. మిరియం ఆఫీస్‌కి తెచ్చేవే. ఒకటి తిన్నాను. అదే రుచి. డెబ్రా కారు తాళాల కోసం లోపలికి వెళ్ళింది. నేను గట్టు మీద ఉన్న కాగితం సంచీలోకి చుట్టలన్నీ ఒంపేసుకుని, డబ్బా కడిగి, తుడిచి, మూత పెట్టి, పేరు పైకి కనిపించేలా గట్టు మీదే ఉంచాను. తాళాలతో వచ్చి డెబ్రా తలుపు దగ్గర నిలబడింది. అప్పుడు కరపత్రం తిరగేసి, సామ్ నేర్పిన మాట మొదటి నుంచి చివరి దాకా చదివాను. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. డెబ్రా కళ్ళు మూసుకుని నిలబడి వింది. అయ్యాక గుమ్మానికి ఆనుకుని "ఆమెన్" అంది.

మన మాట మాత్రం చెప్పలేదు. ఏడాది తిరగని ఇల్లు అది. వెళ్ళొస్తానంటే తప్పో ఒప్పో తేల్చుకోలేకపోయాను. స్టేషన్‌లో దింపినప్పుడు కూడా నోరు మెదపకుండా డెబ్రాని గట్టిగా కౌగిలించుకుని ట్రైన్ ఎక్కేశాను. ఈసారి ఆవిడ ఏమీ అనుకోలేదు.

వచ్చేటప్పుడు నది కుడివైపు. నీళ్ళ మీద వెలుతురు ఇంకా కాస్త ఉంది. ప్రసాద్ ఫోన్ చేశాడు. "మాట్లాడావా? కోపమేనా?" మాట్లాడాను, కోపమే, కానీ మనం అనుకున్న దానికి కాదు, ఇంటికొచ్చి చెప్తాను అన్నాను. "సరే, ఇంతకీ యూదులంటే ఎవరట?" అన్నాడు. "తెలియదు. నిన్నటికంటే ఇవాళ ఇంకా తక్కువ తెలుసు" అన్నాను. నిజం చెప్పాను. మిరియం నా గురించి సరిగ్గానే చెప్పింది, నాకేమీ అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ రాకుండా ఎందుకున్నానన్నది అసలే అర్థం కాలేదు. ఆవిడ ఉండగా, ఆ మూడో వరసలో, పక్కన కూర్చుని గొణుగుతూ ఉండగా రావాల్సింది.

గ్రాండ్ సెంట్రల్ ఇంకా పావుగంట ఉందనగా ఫోన్ మోగింది. ఏప్రిల్‌లో నేను పెట్టిన రెండు మెసేజ్‌ల కింద, ఏడు నెలల తర్వాత, డెబ్రా నుంచి మొదటి జవాబు. గట్టు మీద డబ్బా ఫోటో, నా పేరుతో సహా. "డబ్బా మర్చిపోయావు."

"మర్చిపోలేదు" అని పెట్టాను.

ట్రైన్ ఆగే లోపే ఇంకోటి వచ్చింది. "అయితే ఎప్పుడొస్తున్నావో చెప్పు. ఖాళీగా ఇవ్వకూడదు కదా."